ఉహుద్ తరువాత మూడు ఇళ్లు

కష్టం తొక్కని గడప లోకంలో లేదు. ఒకరికి అది మరణం రూపంలో వస్తుంది, మరొకరికి అప్పు రూపంలో, ఇంకొకరికి జబ్బు రూపంలో. భయంతోనూ, ఆకలితోనూ, ధన ప్రాణ నష్టాలతోనూ, పంట నష్టంతోనూ మిమ్మల్ని తప్పక పరీక్షిస్తానని అల్లాహ్ విశ్వాసులకు ముందుగానే తెలియజేశాడు. ఆ పరీక్షలో సహనం వహించి, మేము అల్లాహ్‌కు చెందినవారము, ఆయన వైపునకే మరలిపోతాము అని అనేవారికి శుభవార్త వినిపించమని తన ప్రవక్త (స)ను ఆదేశించాడు (అల్ బఖర: 155-157).

ఈ ఆయతుల భావం మనలో చాలామందికి తెలుసు. జనాజా లేచిన రోజున ‘ఇన్నా లిల్లాహి’ అని అందరం అంటాం. కాని అసలు పరీక్ష ఆ మరుసటి రోజు మొదలవుతుంది. బంధువులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. అప్పులవాళ్లు వచ్చి కూర్చుంటారు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె అలాగే ఉంటాయి. అప్పుడు సబ్ర్ అంటే ఏమిటి? చేతులు ముడుచుకుని ఒక మూల కూర్చోవడమా? దైవప్రవక్త (స) కాలంలో దెబ్బతిన్న కుటుంబాలు మళ్లీ ఎలా నిలబడ్డాయో తెలుసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

హిజ్రీ 3వ సంవత్సరం షవ్వాల్ మాసంలో, అంటే క్రీ.శ. 625లో, ఉహుద్ యుద్ధం జరిగింది. చివరకు మైదానంలో నిలిచిన ముస్లింలు దాదాపు 700 మంది. వారిలో 70 మంది షహీద్ అయ్యారు. పదిమందిలో ఒకరు ఇంటికి తిరిగి రాలేదన్నమాట. మదీనా చిన్న పట్టణం. ప్రతి వీధిలోనూ ఒక వితంతువు, ఒక అనాథ. దైవప్రవక్త (స) ఇంట్లోనూ విషాదమే. పినతండ్రి హజ్రత్ హమ్జా (ర)ను ఆయన అదే రోజున కోల్పోయారు. అధైర్యపడవద్దని, దుఃఖంలో కుంగిపోవద్దని విశ్వాసులను ఓదార్చే ఆయతులు (ఆలి ఇమ్రాన్: 139-140) ఈ సందర్భంలోనే అవతరించాయి. ఆ పట్టణంలోని మూడు ఇళ్లలోకి తొంగిచూద్దాం.

ముందుగా ఒక మాట: ఏడవడం పాపం కాదు

‘సబ్ర్ చెయ్యి, ఏడవకు’ అంటూ దుఃఖంలో ఉన్నవారి నోరు నొక్కేవారు మనలో ఉన్నారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని అది దైవప్రవక్త (స) నేర్పిన పద్ధతి కాదు. తన పసిబిడ్డ ఇబ్రాహీం (ర) చనిపోయినప్పుడు ఆయన కళ్లు వర్షించాయి. కన్ను ఏడుస్తుంది, హృదయం బాధపడుతుంది, అయినా మా ప్రభువుకు ఇష్టం లేని మాట మా నోట రాదు అనే భావం వచ్చేలా ఆయన చెప్పారు. కుమారుని కోసం ఏడ్చి ఏడ్చి హజ్రత్ యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్ఆన్ తెలుపుతోంది. అయినా ఆయన సహనశీలురే. తన బాధను, వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన అన్నారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని తన కొడుకులకు చెప్పారు (యూసుఫ్: 84-87).

ఉహుద్ రోజున హజ్రత్ జాబిర్ (ర) తన తండ్రి ముఖం మీది బట్ట తొలగించి చూస్తూ ఏడుస్తుంటే చుట్టూ ఉన్నవారు వారించారు. దైవప్రవక్త (స) మాత్రం వారించలేదు. జాబిర్ మేనత్త ఏడుస్తుంటే, అతని భౌతికకాయం మీద దైవదూతలు రెక్కలతో నీడపట్టి ఉన్నారని చెప్పి ఓదార్చారు.

మరి నిషిద్ధమైనది ఏది? చెంపలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం, శోకాలు పెట్టడం, అల్లాహ్ నిర్ణయాన్ని నిందించడం. కన్నీరు కారుణ్యం నుండి వస్తుంది. శోకాలు పెట్టడం అజ్ఞాన కాలపు ఆచారం. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ ఉందో మొదటి ఇంట్లో చూడవచ్చు.

మొదటి ఇల్లు: హజ్రత్ అబూ సలమా (ర) ఇల్లు

హజ్రత్ అబూ సలమా (ర) దైవప్రవక్త (స)కు మేనత్త కొడుకు, పాలు పంచుకున్న సోదరుడు కూడా. ఆయన భార్య హిందు. మఖ్జూమ్ వంశపు ఆడపడుచు. చరిత్రలో ఆమె హజ్రత్ ఉమ్మె సలమా (ర)గా ప్రసిద్ధురాలు. ఇస్లాం కోసం దంపతులిద్దరూ హబషాకు వలసవెళ్లారు. తిరిగి వచ్చాక మదీనాకు బయలుదేరారు. దారిలోనే ఆమె పుట్టింటివారు అడ్డుపడి ఆమెను లాక్కున్నారు. అత్తింటివారు, పిల్లవాడు మావాడు అంటూ చిన్నారి సలమాను లాక్కున్నారు. ఆ పెనుగులాటలో పసివాడి చెయ్యి బెణికింది. భర్త ఒక్కడే మదీనా చేరాడు. భర్త ఒకచోట, బిడ్డ ఒకచోట, తానొకచోట. దాదాపు ఒక సంవత్సరంపాటు ఆమె రోజూ ఊరి బయటకు వెళ్లి సాయంత్రం దాకా ఏడుస్తూ కూర్చునేది.

చివరికి బంధువు ఒకతనికి జాలి కలిగింది. అతని మాట మీద పుట్టింటివారు ఆమెను వదిలిపెట్టారు. అత్తింటివారు బిడ్డను తిరిగి ఇచ్చారు. ఆమె ఆగలేదు. బిడ్డను ఒడిలో పెట్టుకుని ఒంటె మీద ఒంటరిగా బయలుదేరింది. ముందున్నది నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన ఎడారి దారి. తన్‌యీమ్ దగ్గర ఉస్మాన్ బిన్ తల్హా ఎదురయ్యాడు. అప్పటికి ఆయన ముస్లిం కాదు. అయినా ఒంటరి స్త్రీని అలా వదిలివేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఒంటె ముక్కుతాడు పట్టుకుని ఖుబా దాకా నడిచి వచ్చాడు. మజిలీ దగ్గర ఒంటెను కూర్చోబెట్టి, దూరంగా వెళ్లి చెట్టు కింద పడుకునేవాడు. అంతటి మర్యాదస్తుడైన తోడును తాను చూడలేదని ఆమె జీవితాంతం చెప్పుకునేది. కష్టంలో అల్లాహ్ సహాయం ఎవరి చేతుల మీదుగా వస్తుందో మనకు తెలియదు. మేలు చేసినవాడు ఎవరైనా ఆ మేలును గుర్తుంచుకోవడం విశ్వాసి లక్షణం.

మదీనాలో కుటుంబం కలిసింది. బద్ర్ గడిచింది. ఉహుద్‌లో అబూ సలమా (ర) గాయపడ్డారు. గాయం మానినట్టే కనిపించింది. హిజ్రీ 4లో మరో దండయాత్ర నుండి తిరిగి వచ్చాక అది మళ్లీ తిరగబెట్టింది. ఆయన కోలుకోలేదు. ప్రాణం పోయే వేళకు దైవప్రవక్త (స) వచ్చారు. తెరుచుకుని ఉన్న కళ్లను తన చేత్తో మూశారు. ఇంట్లో ఏడుపులు మిన్నంటాయి. ఈ సమయంలో మీరు అనే మాటలకు దైవదూతలు ఆమీన్ అంటారు, కాబట్టి మీ కోసం మేలునే కోరుకోండి అని హితవు చెప్పారు. తరువాత అబూ సలమా క్షమాభిక్ష కోసం, ఆయన సమాధి విశాలం కావాలని, అందులో వెలుగు నిండాలని దుఆ చేశారు. ఆయన వదిలివెళ్లినవారికి నీవే సంరక్షకుడవు కావాలి అని కూడా అల్లాహ్‌ను వేడుకున్నారు. చనిపోయినవారి కోసం చేసిన దుఆలో బ్రతికి ఉన్నవారికీ చోటుందని గమనించండి.

ఉమ్మె సలమా (ర) గుండె చెరువైంది. పరాయి ఊళ్లో పరాయివాడిగా పోయాడు, అందరూ చెప్పుకునేలా ఆయన కోసం శోకిస్తాను అనుకుంది. తోడుగా ఏడవడానికి ఒక స్త్రీ కూడా బయలుదేరి వచ్చింది. ఇది తెలిసి దైవప్రవక్త (స), అల్లాహ్ వెళ్లగొట్టిన షైతానును మళ్లీ ఇంట్లోకి తీసుకురావాలనుకుంటున్నావా అని ఆ స్త్రీని అడిగారు. అంతే, ఉమ్మె సలమా (ర) శోకాలు మానుకుంది. దుఃఖం పోలేదు, పద్ధతి మారింది.

కష్టం వచ్చినప్పుడు ఇస్తిర్జా పలికి, ఈ ఆపదలో నాకు పుణ్యఫలం ప్రసాదించు, పోయినదానికన్నా మేలైనది ప్రసాదించు అని అల్లాహ్‌ను వేడుకోవాలని దైవప్రవక్త (స) నేర్పారు. ఆమెకు ఈ దుఆ తెలుసు. కాని అబూ సలమా కన్నా మేలైనవారు ఎవరుంటారు అని మనసు ఎదురుతిరిగింది. అయినా ఆమె దుఆ చేసింది. సోదరీమణులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మనసు పూర్తిగా ఒప్పుకున్న తరువాతనే దుఆ చేయాలని ఆమె ఎదురుచూడలేదు. మేలు ఎలా వస్తుందో ఊహకు అందకపోయినా చెయ్యి చాచింది. సబ్ర్ అంటే ఇదే. ఏ దారీ కనిపించనప్పుడు కూడా అల్లాహ్ వాకిలి విడవకపోవడం.

ఇద్దత్ ముగిసింది. కొన్ని ఉల్లేఖనాల ప్రకారం హజ్రత్ అబూబక్ర్ (ర), హజ్రత్ ఉమర్ (ర) వంటి పెద్దల నుండి పెళ్లి ప్రస్తావనలు వచ్చాయి. ఆమె అంగీకరించలేదు. తరువాత దైవప్రవక్త (స) నుండి ప్రస్తావన వచ్చింది. ఆమె తన ఇబ్బందులను దాచకుండా చెప్పింది. నాకు అసూయ ఎక్కువ, వయసు పైబడింది, పిల్లలున్నారు అన్నది. అసూయ తొలగిపోవాలని దుఆ చేస్తానని, వయసు తనకూ పైబడిందని, ఆమె పిల్లలు తన పిల్లలేనని ఆయన సమాధానమిచ్చారు. హిజ్రీ 4 షవ్వాల్‌లో నికాహ్ జరిగింది. ఎవరుంటారని ఆమె ప్రశ్నించిందో, దానికి అల్లాహ్ ఇచ్చిన జవాబు అది.

‘మీ పిల్లలు నా పిల్లలే’ అన్నది పెళ్లి మాటల్లో అనేసి మరచిపోయే మాట కాలేదు. అబూ సలమా కొడుకు ఉమర్ ఆ ఇంట్లోనే పెరిగాడు. అన్నం పళ్లెంలో అతని చెయ్యి అటూ ఇటూ తిరుగుతుంటే, బిస్మిల్లాహ్ అనమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నది తినమని దైవప్రవక్త (స) నేర్పారు. ఈనాడు ప్రపంచంలో ముస్లిం పిల్లలందరికీ మొదట నేర్పే భోజన మర్యాద ఇదే. అది ఒక అనాథ బాలునికి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన పాఠం. ఇంకోసారి ఉమ్మె సలమా (ర), అబూ సలమా పిల్లల మీద నేను పెట్టే ఖర్చుకు పుణ్యం ఉందా, వాళ్లు నా పిల్లలే కదా అని అడిగింది. ఉంది, వారి మీద పెట్టే ప్రతిదానికీ పుణ్యం ఉంది అని ఆయన తెలిపారు. ఒంటరిగా పిల్లలను సాకుతున్న తల్లులకు ఇంతకన్నా ఓదార్పు ఏం కావాలి? కుట్టుమిషన్ మీద రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసి కొన్న పాలప్యాకెట్ కూడా అల్లాహ్ దగ్గర లెక్కలో ఉంది.

రెండేళ్లు గడిచాయి. హిజ్రీ 6లో హుదైబియా ఒప్పందం జరిగింది. ఉమ్రా చేయకుండానే వెనుదిరగవలసి రావడంతో సహాబీల మనసులు బరువెక్కాయి. ఖుర్బానీ చేసి తల వెంట్రుకలు తీయించుకోమని దైవప్రవక్త (స) చెప్పినా ఎవరూ కదలలేదు. ఆయన గుడారంలోకి వచ్చి బాధపడ్డారు. అప్పుడు ఉమ్మె సలమా (ర) ఒక సలహా ఇచ్చింది. ఎవరితోనూ మాట్లాడకండి, మీరు వెళ్లి మీ ఖుర్బానీ చేసి, క్షురకుణ్ణి పిలిచి తల గీయించుకోండి అన్నది. ఆయన అలాగే చేశారు. చూసినవారంతా లేచి అదే చేశారు. కుంగిపోయిన మనుషులను ఎలా లేపాలో ఆమెకు తెలుసు. తాను కుంగి లేచిన మనిషి కనుక. ఆ తరువాత ఆమె విద్యలోనూ గొప్ప స్థానం సంపాదించింది. ఆమె ఉల్లేఖించిన హదీసులు 378. మక్కా బయట సాయంత్రాలదాకా ఏడ్చిన ఆ తల్లి ముస్లిం సమాజానికే తల్లి అయ్యింది.

రెండవ ఇల్లు: హజ్రత్ సఅద్ బిన్ రబీ (ర) ఇల్లు

ముహాజిర్లు మదీనా చేరినప్పుడు, తన ఆస్తిలో సగం తీసుకొమ్మని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర)కు చెప్పిన అన్సారీ ఈ సఅద్ (ర)యే. అబ్దుర్రహ్మాన్ (ర) కూడా మక్కాలో సర్వం పోగొట్టుకుని వచ్చినవారే. నీ సంపదలో అల్లాహ్ శుభం కలిగించుగాక, నాకు బజారు దారి చూపించు అన్నారు ఆయన. జున్ను, నెయ్యి వ్యాపారంతో మొదలుపెట్టి కొద్దికాలంలోనే తన కాళ్ల మీద నిలబడ్డారు. ఇచ్చేవారు సగం ఇవ్వడానికి సిద్ధపడాలి, తీసుకునేవారు బజారు దారి వెతకాలి. పోయిన జీవితాన్ని మళ్లీ కట్టుకోవడానికి ఈ రెండు గుణాలూ అవసరమే.

ఇంతటి దాత ఉహుద్‌లో షహీద్ అయ్యారు. భార్య, ఇద్దరు కూతుళ్లు మిగిలారు. సఅద్ సోదరుడు వచ్చి ఆస్తి మొత్తం తీసుకున్నాడు. అప్పటి అరబ్బుల ఆచారం అదే. స్త్రీలకు, చిన్నపిల్లలకు వారసత్వం లేదు. ఆ తల్లి ఇద్దరు ఆడపిల్లలనూ వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చింది. వీళ్లు సఅద్ కూతుళ్లు, వీళ్ల తండ్రి మీతో ఉహుద్‌లో పోయాడు, వీళ్ల బాబాయి ఏమీ మిగల్చలేదు, ఆస్తి లేకపోతే వీళ్లకు పెళ్లిళ్లు కావు అని చెప్పుకుంది. ఈ విషయంలో అల్లాహ్ తీర్పు ఇస్తాడు అన్నారు ఆయన.

అల్లాహ్ తీర్పు వచ్చింది. వారసత్వ ఆయతులు అవతరించాయి (అన్ నిసా: 11-12). దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించారు. కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదవ వంతు ఇవ్వు, మిగిలినది నీది అని చెప్పారు. అంటే ఆస్తిని 24 పాళ్లు చేస్తే, కూతుళ్లకు చెరి 8, తల్లికి 3, బాబాయికి 5.

ఈ తల్లిని సహనం లేనిది అనగలమా? ఆమె మౌనంగా కూర్చుని ఉంటే లోకం ఓర్పుగల ఇల్లాలు అని మెచ్చుకునేది. ఆడపిల్లలు మాత్రం రోడ్డున పడేవారు. హక్కు అడగడం సబ్ర్‌కు విరుద్ధం కాదు. అనాథ పిల్లల తరఫున నోరు తెరవడం ఇబాదత్. ఆమె ఫిర్యాదు తరువాత వచ్చిన ఆదేశాల వల్లనే ఈనాటికీ కోట్లాది ముస్లిం ఆడపిల్లలకు వాటా ఉంది. కాని ఆ వాటా మన ఇళ్లలో నిజంగా ఇస్తున్నామా? భర్త పోయిన కోడలిని, పిల్లలతో సహా పుట్టింటికి పంపి, ఇల్లు, పొలం తమ పేర రాయించుకునే అత్తింటివారు మనలో లేరా? అనాథల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నిని నింపుకుంటున్నారని అదే సూరా హెచ్చరిస్తోంది (అన్ నిసా: 10). చాలీస్వాకు వందమందికి బిర్యానీ పెట్టి, అనాథ వాటా ఎగ్గొట్టినవాడు అల్లాహ్‌కు ఏం జవాబు చెబుతాడు?

మూడవ ఇల్లు: హజ్రత్ జాబిర్ (ర) ఇల్లు

జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (ర) పడుచువాడు. తండ్రి ఉహుద్‌లో షహీద్ అయ్యారు. ఇంట్లో పెళ్లికాని చెల్లెళ్లు ఏడుగురో తొమ్మిది మందో అని ఉల్లేఖనాల్లో ఉంది. పైన తండ్రి చేసిన అప్పు. ఒకరోజు అతను దిగులుగా ఉండటం చూసి దైవప్రవక్త (స) కారణం అడిగారు. తండ్రి పోయారు, పిల్లలను, అప్పును వదిలి వెళ్లారు అని చెప్పాడు. అప్పుడు ఆయన, అతని తండ్రికి అల్లాహ్ సన్నిధిలో లభించిన గౌరవాన్ని తెలియజేసి మనసు తేలికపరచారు. కాని ఓదార్పుతో సరిపెట్టలేదు.

ఖర్జూరం కోతకు వచ్చింది. తోట మొత్తం దిగుబడి తీసుకుని మిగతాది మాఫీ చేయమని అడిగితే అప్పులవాళ్లు ఒప్పుకోలేదు. అప్పుడు దైవప్రవక్త (స), ఒక్కొక్క రకం ఖర్జూరాన్ని విడివిడిగా కుప్పపోసి నాకు కబురు చెయ్యి అన్నారు. స్వయంగా తోటకు వచ్చి, శుభం కోసం దుఆ చేసి, కుప్పల దగ్గర కూర్చుని, ఇక వీళ్లకు కొలిచి ఇవ్వు అన్నారు. అందరి బాకీ తీరిపోయింది. కుప్ప తరగనట్టే ఖర్జూరం ఇంకా మిగిలింది. ఇది అల్లాహ్ చూపిన మహిమ. కాని దానికి ముందు జాబిర్ చేసిన పని చూడండి. అప్పును దాచలేదు, అప్పులవాళ్లకు ముఖం చాటేయలేదు. ఉన్నది ఇస్తానన్నాడు. పంట కోశాడు, రకాలు వేరుచేశాడు. బర్కత్ ఆ కష్టం మీద దిగింది.

జాబిర్ (ర) పెళ్లి చేసుకున్నాడు. వధువు ఇంతకుముందు పెళ్లయిన స్త్రీ. పడుచువాడివి, కన్యను చేసుకోలేదేం అని ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) అడిగారు. చెల్లెళ్లు చిన్నవాళ్లు, వాళ్లలాంటి అమ్మాయినే తీసుకురావడం ఇష్టం లేకపోయింది, వాళ్ల తలలు దువ్వి, మంచిచెడ్డలు చూసే మనిషి కావాలనుకున్నాను అన్నాడు. సరైన పని చేశావు అని ఆయన మెచ్చుకున్నారు. ఆ ప్రయాణంలోనే ఆయన జాబిర్ దగ్గర ఒంటెను కొన్నారు. మదీనా చేరాక ధర చెల్లించి, ఒంటెను కూడా తిరిగి ఇచ్చేశారు. సహాయం చేసిన తీరు గమనించారా? చేయి చాపవలసిన అవసరం అతనికి రాలేదు, బేరం రూపంలో అందింది. కష్టంలో ఉన్నవారికి డబ్బుతో పాటు గౌరవం కూడా కావాలి.

మన ఇళ్లలో ఏం చేయాలి?

ఈ మూడు ఇళ్ల నుండి మనం నేర్చుకోవలసిన పనులు ఇవి.

1. మొదటి రోజుల్లో తిండి. హిజ్రీ 8లో ముఅతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (ర) షహీద్ అయిన వార్త అందగానే, ఆ ఇంటివారికి భోజనం తయారుచేయమని, వాళ్లు తమ బాధలో ఉన్నారని దైవప్రవక్త (స) చెప్పారు. చుట్టుపక్కలవారు వండి పంపాలి. మన దగ్గర ఇది తలకిందులైంది. చావు జరిగిన ఇంటివారే అప్పు చేసి వచ్చినవారికి వండిపెడుతున్నారు. కొన్నిచోట్ల మూడోరోజు, పదోరోజు, నలభయ్యోరోజు ఖర్చులు తీరేసరికి వితంతువు మెడలో ఉన్నది తాకట్టుకు పోతోంది.

2. అప్పు, తరువాత వీలునామా, ఆ తరువాత వాటాలు. మరణించినవారి సొత్తు నుండి ముందు కఫన్, దఫన్ ఖర్చులు, తరువాత అప్పులు తీర్చాలి. భార్యకు చెల్లించని మహర్ కూడా అప్పే. ఆ తరువాత వీలునామా ఉంటే మూడో వంతు మించకుండా అమలుచేయాలి. మిగిలినది షరీఅత్ ప్రకారం పంచాలి. ఎవరికి ఎంత వస్తుందో తెలిసిన ఆలిమ్‌ను అడిగి కాగితం మీద రాసుకోవాలి. ఆలస్యం చేసేకొద్దీ మనసులు విరుగుతాయి.

3. కాగితాలు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించి ధృవీకరణ పత్రం తీసుకోవాలి. బ్యాంకు ఖాతా, భూమి పట్టా, పింఛను దేనికైనా మొదట అడిగేది అదే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వితంతు పింఛను ఉంది. అర్హత ఉన్న సోదరి దరఖాస్తు చేసుకోవడంలో చిన్నతనం లేదు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ ఆఫీసుల చుట్టూ తిరగనవసరం లేకుండా తమ్ముడో మరిదో మస్జిద్ కమిటీవారో ఈ పని నెత్తిన వేసుకుంటే అది గొప్ప సేవ.

4. ఇద్దత్‌కు హద్దు ఉంది. భర్త మరణిస్తే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు (అల్ బఖర: 234). గర్భవతికి కాన్పు వరకు (అత్ తలాఖ్: 4). సుబైఆ (ర) అనే సహాబియా భర్త మరణించిన కొద్ది రోజులకే ప్రసవించింది. కోలుకున్నాక పెళ్లి ప్రస్తావనల కోసం సిద్ధపడితే ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆమె వెళ్లి దైవప్రవక్త (స)ను అడిగింది. నీ ఇద్దత్ కాన్పుతోనే పూర్తయింది, కావాలంటే పెళ్లి చేసుకోవచ్చు అని ఆయన చెప్పారు. అల్లాహ్ గడువు పెట్టిన దుఃఖాన్ని మనం జీవితకాలపు శిక్షగా మార్చకూడదు. వితంతువు ఎదురైతే అపశకునం అనుకోవడం, పెళ్లిళ్లలో ఆమెను వెనక్కి నెట్టడం ఇస్లాంలో లేదు. అవి మన ఇళ్లలోకి బయటి నుండి వచ్చి చేరిన జాడ్యాలు.

5. పునర్వివాహం. తోడులేనివారికి పెళ్లి చేయమని ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అన్ నూర్: 32). హజ్రత్ జాఫర్ (ర) భార్య హజ్రత్ అస్మా (ర) తరువాత హజ్రత్ అబూబక్ర్ (ర)ను, ఆయన మరణానంతరం హజ్రత్ అలీ (ర)ను వివాహమాడారు. ఆనాడు దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. అయితే బలవంతం కూడదు. పిల్లలను పెంచుకుంటూ ఒంటరిగా ఉండాలనుకుంటే అదీ ఆమె ఇష్టమే. నిర్ణయం ఆమెది, అండగా నిలవడం మన బాధ్యత.

6. పిల్లలు. జాఫర్ (ర) ఇంటికి దైవప్రవక్త (స) మూడు రోజుల తరువాత వెళ్లారు. ఇక ఏడవవద్దని చెప్పి, పిల్లలను దగ్గరకు పిలిచి, క్షురకుణ్ణి రప్పించి వాళ్ల తలలు శుభ్రం చేయించారు. వీళ్ల గురించి తల్లి బెంగపడితే, ఇహపరాల్లో వీళ్ల సంరక్షకుణ్ణి నేను అని ధైర్యం చెప్పారు. దుఃఖంలో మునిగిన ఇంట్లో పిల్లల తల దువ్వేవారు, స్నానం చేయించేవారు, బడికి పంపేవారు ఉండరు. ఓదార్పు మాటలకన్నా ముందు ఈ చిన్న పనులు కావాలి.

బదులు ఈ లోకంలో దొరకకపోతే?

ఉమ్మె సలమా (ర)కు లభించినట్టు మాకు లభించలేదే అని కొందరు సోదరీమణులు బాధపడతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ దుఆలో రెండు కోరికలు ఉన్నాయి. ఒకటి పుణ్యఫలం, రెండవది మేలైన బదులు. మొదటిది ఎన్నడూ వృథా కాదు. రెండవది ఏ రూపంలో, ఎప్పుడు రావాలో నిర్ణయించేవాడు అల్లాహ్. అది మరో భర్త కాకపోవచ్చు. సన్మార్గంలో నడిచే బిడ్డ కావచ్చు, నలుగురికీ ఉపయోగపడే చదువు కావచ్చు, ఎవరి ముందూ తలవంచని ఉపాధి కావచ్చు. పూర్తిగా పరలోకానికే దాచిపెట్టిన బదులూ కావచ్చు. విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానికి బదులుగా కొన్ని పాపాలు రాలిపోతాయని దైవప్రవక్త (స) తెలియజేశారు. అలాంటప్పుడు ఒక జీవితం కూలిన బాధ లెక్కకు రాకుండా పోతుందా?

మరొక సంగతి. కొందరికి నెలలు గడిచినా నిద్ర పట్టదు, తిండి సహించదు, బ్రతకాలనిపించదు. దాన్ని ఈమాన్ లోపం అని నిందించకండి. అది జబ్బు కావచ్చు. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నమాజు, దుఆలతో పాటు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడం కూడా సున్నతే. అలాంటివారిని ఒంటరిగా వదలకండి.

కష్టంతోపాటే సౌలభ్యం ఉందని అల్లాహ్ సూరా ఇన్‌షిరాహ్‌లో రెండుసార్లు చెప్పాడు. ఉహుద్ తరువాత మదీనాలో ఆ సౌలభ్యం ఆకాశం నుండి మాత్రమే ఊడిపడలేదు. వండి పంపిన భోజనం రూపంలో, తిరిగి ఇచ్చిన ఒంటె రూపంలో, న్యాయంగా పంచిన వాటా రూపంలో, అనాథ ముందు పెట్టిన అన్నం పళ్లెం రూపంలో వచ్చింది. ఈ వారంలో మీ మొహల్లాలో దెబ్బతిన్న ఇల్లు ఒకటి ఉందేమో చూడండి. ఆ ఇంటికి అల్లాహ్ పంపే సౌలభ్యం మీ చేతుల మీదుగా వెళ్లవచ్చు.

ఓ అల్లాహ్! ఆప్తులను కోల్పోయినవారి హృదయాలకు ఊరట ప్రసాదించు. మరణించిన మావారిని క్షమించు. వారు వదిలివెళ్లినవారికి నీవే అండగా ఉండు. అనాథల హక్కు తినకుండా మమ్మల్ని కాపాడు. కష్టంలో నీ వాకిలి విడవని సహనాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.